హన్మవ్వను సున్నా చేయని మనిషి

వర్ని నుంచి చందూరు పోయే బస్సులో సురేందర్ పేరెత్తితే, 'గా చెరుకు కంప్యూటరాయినెనా? మంచి పోరడు' అని ఎవరో ఒకరు అనేవారు. మొన్నటి చెరుకు కోతల దాకా అదే మాట. ఇప్పుడు బస్సు రైతు దస్తగిర్ ఇంటి మలుపు దగ్గరికి వచ్చిందంటే ఆ మాట అన్నవాళ్లు కూడా కిటికీలోంచి బయటికి చూస్తారు.

సురేందర్ పోరడేమీ కాదు. చెవుల మీద వెంట్రుకలు నెరిసిన చందూరు మనిషి, సవిత భర్త. బోధన్‌లో ఎరువుల దుకాణం మీది గదిలో అతని కొలువు. ఆ గది యజమాని మధుకర్. మంజీర ఒడ్డునున్న ఒక ప్రైవేటు చక్కెర ఫ్యాక్టరీకి మధుకర్ ఒక ప్రోగ్రాం అమ్మాడు. ఏ రైతు చెరుకు ఏ రోజు కొట్టాలో ఆ ప్రోగ్రాం చెబుతుంది. నాటిన తేదీని బట్టి ప్రతి రైతుకూ ఒక వరుస నంబరు. ఆ నంబరు వచ్చిన రోజు తెల్లారగానే ఫోనుకు కోత పర్మిట్ వస్తుంది. పర్మిట్ లేకుండా కొట్టిన చెరుకును గేటు లోపలికి రానివ్వరు. అమ్మింది మధుకర్ అయినా, ఆ ప్రోగ్రాంలో ప్రతి అక్షరమూ సురేందర్ రాసిందే.

సురేందర్‌కు ఊహ తెలియకముందే తండ్రి పోయాడు. తల్లి అంజవ్వ, పక్కింటి హన్మవ్వ ఒకే అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టేవారు. అతను పదో తరగతిలో ఉండగా తల్లి కూడా పోయింది. కర్మలన్నీ అయిన మర్నాడు హన్మవ్వ ఒడిలోని చాట పక్కన పెట్టి లేచి, పక్కింట్లో ఉన్న పిల్లవాడి కంచం తెచ్చి తన కంచం మీద బోర్లించింది. పెంచుకుంటున్నానని ఎవరితోనూ చెప్పలేదు. పిల్లాజెల్లా లేని మనిషి, భగవంతుడు ఇచ్చాడనుకుందో ఏమో.

ఆ రోజుల్లో ఊరికంతటికీ ఒకటే బోరింగు. అక్కడ వరుస హన్మవ్వ చెప్పినట్టే నడిచేది. ఎవరి బిందె తర్వాత ఎవరి బిందెనో ఆమెకు నోటికి ఉండేది. ఇంట్లో పిల్ల ఏడుస్తోందని మధ్యలో ఎవరైనా వెళ్లిపోతే, వాళ్లు తిరిగి రాగానే 'ఆగుండ్రే, గీమె వంతు గీడనే ఉండె' అని వాళ్లను పిలిచి ముందుకు తోసేది. ఎవరూ కాదనేవారు కాదు.

డిగ్రీ అయ్యాక సురేందర్ నిజామాబాద్‌లో స్టేషను దగ్గరి ఒక చిన్న ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటరు భాష నేర్చుకోవడానికి చేరాడు. అక్కడ సోహైల్ సార్ చెప్పేవాడు. మొదటి వారమంతా పేర్ల పాఠమే. కంప్యూటరు లోపల ఒక లెక్కను దాచుకోవాలంటే దానికొక గూడు కావాలి, ఆ గూటికొక పేరు కావాలి, ఆ పేరుకు కొన్ని కట్టుబాట్లున్నాయి.

"సునో," అనేవాడు సోహైల్ సార్ సుద్దముక్క ఊపుతూ. "పేరు అక్షరంతోటి మొదలుగావాలె, లేకుంటె కింది గీతతోటి. అంకెతోటి మొదలుపెడితె మెషిన్ ఒప్పుకోదు. నడుమ ఖాళీ ఉండొద్దు. రెండు మాటలుంటే నడుమల కింది గీత కొట్టి జోడించుండ్రి. ఇఫ్, ఎల్స్, ఫర్, గివన్నీ మెషిన్ తనకోసం పెట్టుకున్న పేర్లు, మనం ముట్టొద్దు. పెద్దక్షరం వేరు, చిన్నక్షరం వేరు. ఒక్క పేరును రెండు తీర్ల రాస్తిరా, మెషిన్ లెక్కల ఇద్దరు మనుషులు."

"మరి ఏ పేరన్న పెట్టొచ్చా సార్?" అని ఎవరో అడిగారు.

"మెషిన్‌కు ఏ పేరైనా ఒకటే. ఫరక్ పడేది మనిషికి."

కట్టుబాట్లు సురేందర్‌కు తేలిగ్గానే వచ్చాయి. పేర్లే రాలేదు. టోటల్, కౌంట్, టెంప్, లిమిట్ అని పుస్తకంలో ఉండేవి. తెలుగు బడిలో చదివినవాడికి అవన్నీ ఒకే రంగు చొక్కా తొడుక్కున్న కొత్త మనుషుల్లా కనిపించేవి. ఒకదాని చోట ఒకటి రాసేవాడు, ప్రోగ్రాం తలకిందులయ్యేది. వెనక బెంచీ వాళ్లు నవ్వేవారు. ఒక రోజు అందరూ వెళ్లిపోయినా అతను తెరవైపు చూస్తూ అక్కడే కూర్చుండిపోయాడు. సోహైల్ సార్ కింది హోటల్ నుంచి రెండు చాయ్‌లు తెప్పించి పక్కన కుర్చీ లాక్కున్నాడు.

"అరె సురేందర్, మీ ఊర్ల వరుస ఎవరు చూస్తరు? నీళ్ల కాడనో, రేషన్ కాడనో."

"బోరింగు కాడ మా హన్మవ్వ చూస్తది సార్."

"అయితె వరుస ఎక్కడిదాక వచ్చిందో యాది పెట్టుకునే గూడుకు హన్మవ్వ అని పేరు పెట్టు. ఇగ మర్చిపోతవా?"

మర్చిపోలేదు. ఆ రోజు మొదటిసారి అతని ప్రోగ్రాం తప్పు లేకుండా నడిచింది. సోహైల్ సార్ చాయ్ గ్లాసులు కిందికి తీసుకెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "గిది నేర్చుకునేదాకనే బేటా. కొలువుల వడ్డంక పనిని బట్టే పేరు పెట్టాలె. నీ ఎన్క చదివెటోనికి మీ ఊరు తెల్వది" అన్నాడు. సంతోషంలో ఉన్న సురేందర్ తల ఊపాడు. మనసుకు పట్టింది మాత్రం ముందు చెప్పిన మాటే.

అలా చెరుకు ప్రోగ్రాంలోకి చందూరు వచ్చేసింది. ఏ నంబరు దాకా పర్మిట్లు ఇచ్చారో గుర్తుపెట్టుకునేది హన్మవ్వ. తేదీకి, బడిలో గంట కొట్టే దేవన్న. రోజంతా వచ్చిన చెరుకును కలుపుకుంటూ పోయేది అంజవ్వ, ఎందుకంటే చేతికి వచ్చినదేదీ అమ్మ పారేసేది కాదు. ఆ రోజుకు ఎన్ని ట్రాక్టర్లు దొరుకుతాయో చెప్పేది దస్తగిర్. పెద్దవాళ్ల పేరు ఉత్తగా రాయడం అతనికి చేత కాలేదు. అవ్వలకు పేరులోనే అవ్వ ఉంది, దేవన్నకు అన్న ఉంది. దస్తగిర్‌కు లేదు. అందుకని కింది గీత కొట్టి పక్కన 'అన్న' చేర్చాడు. ప్రోగ్రాంలో ఆ పేరు వచ్చిన ప్రతిచోటా దస్తగిర్ అన్నే.

దస్తగిర్ ఊళ్లో ట్రాక్టరున్న రైతు, సురేందర్ కన్నా పదేళ్లు పెద్ద. డిగ్రీ పరీక్షలప్పుడు బస్సు రాకపోతే ట్రాక్టరు మీద వర్ని దాకా దింపేవాడు. డీజిలు మాటెత్తితే, "నువ్వు పాసైతె సాలు తీ" అనేవాడు.

ఆ పేర్లు మొదటిసారి చూసినప్పుడు మధుకర్ పడీ పడీ నవ్వాడు. "ఏందయ్యా ఇది, ప్రోగ్రామా పెండ్లి కార్డా? అవ్వలు, అన్నలు, బంధుమిత్రులు! భోజనాలెక్కడో గూడ రాయకపోయినవ్." కానీ ప్రోగ్రాం చక్కగా నడిచింది. నడుస్తున్నదాన్ని ఎందుకు కదిలించడమని ఊరుకున్నాడు.

ఏటా ఫ్యాక్టరీ మొదలయ్యే రోజు సురేందర్ కంప్యూటరు ముందు దీపం పెట్టి, కొబ్బరికాయ కొట్టి, పాత లెక్కలన్నీ తుడిచేవాడు. కొత్త ఏడు వరుస మొదటినుంచి మొదలు కావాలి గనుక హన్మవ్వను సున్నా చేయాలి. ఇంటికొచ్చి చెబితే హన్మవ్వ బోసి నోటితో నవ్వేది. "నన్ను మల్ల సున్న జేసినావుర కొడుకా? సెయ్యి సెయ్యి. యాడాదికోపాలి కొత్తగ పుడుతున్న."

ఈసారి కార్తీకంలో ఆమె మంచం పట్టింది. జీవితమంతా పీల్చిన పొగాకు దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుందని డాక్టరు చెప్పాడు. ఫ్యాక్టరీ మొదలయ్యే రోజు పొద్దున సురేందర్ ఆమె వీపు నిమిరి, సవితకు మందులు చెప్పి బోధన్ వచ్చాడు. దీపం పెట్టాడు. హన్మవ్వ అని టైపు చేశాడు. పక్కన సమానం గుర్తు పెట్టాడు. సున్నా మీద వేలు పెట్టి నొక్కలేకపోయాడు.

అదేమీ పెద్ద వెర్రి కాదు. మన ఊళ్లలో మంచంలో ఉన్న మనిషి చెప్పులు కూడా గుమ్మం దగ్గరినుంచి తీయరు. దేవుడి దీపం ఎదురుగా వెలుగుతుండగా, ఊపిరికి కొట్టుకుంటున్న పెంచిన తల్లి పేరు పక్కన తన చేత్తో సున్నా పెట్టడం అతనివల్ల కాలేదు. టైపు చేసింది చెరిపేశాడు. 'ఈ ఏడు' అని కింది గీతతో జోడించి ఒక కొత్త పేరు పెట్టి, దాన్ని సున్నా చేసి, హన్మవ్వ ఉన్న చోటల్లా దాన్ని రాసుకుంటూ పోయాడు. ఆమె లేచి తిరిగాక మళ్లీ మారుద్దామనుకున్నాడు. పేరును మొత్తంగా తీసేయడానికీ మనసొప్పలేదు, ఒక మూలన అలాగే ఉండనిచ్చాడు. అతను చూసుకోని చోటు ఒక్కటి మిగిలిపోయింది.

కొత్త సీజనులో మొదటి వారంలోనే దస్తగిర్‌కు పర్మిట్ వచ్చింది. కాలువ పక్కన అతని చెరుకు ఊళ్లో అందరికన్నా ముందు నాటినది. నాందేడ్ దిక్కునుంచి వచ్చిన కూలీల ముఠా పొద్దున్నే కత్తులతో చేనులోకి దిగింది. అప్పుడే సవిత ఏడుస్తూ పరుగెత్తుకొచ్చింది, హన్మవ్వకు ఊపిరి అందడం లేదని. అంబులెన్సు వర్నిలో లేదు, రావడానికి ఆలస్యమవుతుందన్నారు. దస్తగిర్ వెంటనే ముఠాను పక్క రైతు చేనుకు పొమ్మన్నాడు. చెరుకు కోసం కట్టిన ట్రాలీలో గడ్డి పరిచి, దాని మీద పరుపు వేసి, హన్మవ్వను పడుకోబెట్టాడు. అతని భార్య హుసేన్ బీ ఆమె తల ఒడిలో పెట్టుకుని కూర్చుంది. దారిలో అంబులెన్సు ఎదురయ్యేదాకా ట్రాక్టరును గుంత గుంతకూ ఆపుతూ, కుదుపు తగలకుండా నడిపాడు.

నిజామాబాద్ ఆసుపత్రి వరండాలో సురేందర్ దస్తగిర్ రెండు చేతులూ పట్టుకున్నాడు. "అన్నా, ఇయ్యాల నీ కోత గదా."

"సెరుకు యాడికి పోతది? నా నంబర్ జెర వాయిదా పెట్టు, సాలు."

సురేందర్ అక్కడే నిలబడి, తన ఫోనులో, తన వేలితో దస్తగిర్ నంబరు వాయిదా పెట్టాడు.

హన్మవ్వ ఇంటికి రాలేదు. దస్తగిర్ తోడు రాగా కందకుర్తిలో గోదావరి, మంజీర కలిసే చోట ఆమె అస్థికలు కలిపారు. నీళ్లలోకి దిగిన సురేందర్ తూలితే ఒడ్డునుంచి పట్టుకున్నది దస్తగిరే. దినాలు అయ్యేదాకా ఆ పేరు ముట్టకూడదనుకున్నాడు సురేందర్. దినాలు అయ్యాయి. కొలువులో పని మీద పడింది. మనసే అటు పోలేదో, నిజంగానే మర్చిపోయాడో, ఆ పేరు అలాగే ఉండిపోయింది.

అంతలో చెరుకుకు పూత వచ్చింది, ఇక గడలో రసం తగ్గిపోతుంది. దస్తగిర్ ఒకసారి ఇంటికొచ్చి అడిగాడు.

"తమ్మీ, నా నంబర్ ఇంక పల్కలే."

"వస్తదన్నా. వాయిదా పెట్టినోళ్లను మల్ల తనే పిలుస్తది. మనుషులు మర్చిపోతరు గని కంప్యూటర్ మర్చిపోదు."

వాయిదా పెట్టుకున్న మిగతా రైతులు ఫీల్డు ఆఫీసుకు పోయి బల్ల గుద్ది అరిచి, అక్కడివాళ్లతో చేతి రాత పర్మిట్లు ఇప్పించుకున్నారు. హుసేన్ బీ కూడా పోరుపెట్టింది. "మీరు గూడ పోయి లడాయి చెయ్యుండ్రి. నోరున్నోని సెరుకే పోతున్నది."

"అది మన సురేందర్ రాసిన మెషిన్. దాని మీద లడాయి చేస్తె ఆ పోరని ఇజ్జత్ పోతది" అన్నాడు దస్తగిర్.

అలా కూర్చున్నాడు. కూలీల ముఠా పెద్ద ఒక రోజు చేనులోకి వచ్చి, గడ విరిచి చూసి, లోపల దూదిలా తెల్లబడ్డ బెండును దస్తగిర్ చేతిలో పెట్టి మరాఠీలో ఏదో గొణిగి వెళ్లిపోయాడు. మాట అర్థం కాకపోయినా దస్తగిర్‌కు విషయం అర్థమైంది. మర్నాడు ముఠా గుడారాలు పీకి సొంత ఊళ్లకు బయల్దేరింది.

సరిగ్గా అప్పుడే మధుకర్ ప్రోగ్రాంను ఇంకో ఫ్యాక్టరీకి కూడా అమ్మాలనుకుని, దాన్ని శుభ్రం చేయడానికి నిఖిత అనే ఇంజనీరమ్మాయిని పెట్టుకున్నాడు. నెమ్మదైన పిల్ల. తెచ్చుకున్న టిఫిను డబ్బా ముందు సురేందర్ దగ్గర పెట్టి, తీసుకున్నాకే తను తినేది. పేర్లు చూసి నవ్వలేదు. ఒక్కో పేరు అర్థమేమిటో అడిగి రాసుకునేది. దస్తగిర్ పర్మిట్ ఎందుకు రాలేదో చూడమని సురేందరే ఆ పిల్లను అడిగాడు. అంతకుముందు అతను రెండు రోజులు చూసినా దొరకలేదు. రాసినవాడి కంటికి తన రాతలో తప్పు ఆనలేదు.

నిఖితకు మూడో రోజు మధ్యాహ్నం దొరికింది.

"సార్, వాయిదా వాళ్లను మళ్లీ పిలిచే చోట హన్మవ్వ అనే పేరే ఉంది. మిగతా అన్ని చోట్లా 'ఈ ఏడు' అని మార్చిండ్రు. ఇక్కడ మార్చలేదు. హన్మవ్వలో పోయినేడాది ఆఖరి నంబరు అట్లనే ఉన్నది. దానికన్నా తక్కువ నంబరున్న వాళ్లందరికీ పర్మిట్ అయిపోయిందనుకుంటున్నది ప్రోగ్రాం. వాయిదాలో దస్తగిర్ గారికి వచ్చిన కొత్త నంబరు కూడా దానికన్నా చిన్నదే కదా. ఆయన్ను ఎప్పటికీ పిలవదు."

సురేందర్ ముందున్న కుర్చీ వీపు పట్టుకున్నాడు. అతని ముఖం చూసి ఆ పిల్ల గొంతు తగ్గించింది.

"నేను నిన్ననే పట్టుకునేదాన్ని సార్. ఆ పేరు రెండుసార్లు కనబడ్డది. మా ఇంట్ల మొదలు శ్రీ అని రాస్తం గదా, గట్లనే మీరు ఏదో అమ్మవారి పేరు కలిసొస్తదని పెట్టుకున్నరేమో అనుకున్న. అన్నీ అడిగినదాన్ని దీన్నొక్కదాన్నే అడగక, ముట్టుకోవద్దని దాటేసిన. 'చివరి నంబర్' అని ఉంటే చూడంగనే తెలిసేది."

గౌరవంతోనే అతను పెట్టాడు, గౌరవంతోనే ఆమె దాటేసింది. మధ్యలో ఎండింది దస్తగిర్ చెరుకు.

మధుకర్‌కు చెప్పారు. అతను తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చున్నాడు. "బయట ఎవ్వరికీ తెల్వొద్దు. కొత్త ఫ్యాక్టరీ వాళ్లు సంతకం పెట్టే టైం ఇది. దస్తగిర్ వాయిదా అడగనే లేదని చెప్దాం. పర్మిట్ వచ్చిన్నాడు కోత కొట్టలేదు, నంబరు పోయింది. రూలు రూలే."

"అడిగిండు సార్. నేనే పెట్టిన."

"నువ్వే పెట్టినవని నీకు నాకే తెలుసు" అన్నాడు మధుకర్.

మర్నాడు చందూరు ఫీల్డు ఆఫీసు ముందు రైతులు గుమికూడారు. ఫ్యాక్టరీ ఇంకో వారంలో మూతపడుతుందని కబురు వచ్చింది. దస్తగిర్ మెట్టు కింద నిలబడి, తన నంబరు సంగతేమిటని మొదటిసారి నలుగురిలో అడిగాడు. మధుకర్ తాను అనుకున్న మాటే చెప్పాడు. వెనకనుంచి ఎవరో నవ్వారు. "వాయిదా అడగకుంటనే అడిగిన్నంటున్నవా సాబ్? నీ సెరుకు నిదుర పోయిందా, నువ్వు నిదుర పోయినవా?"

దస్తగిర్ నవ్వినవాడి వైపు చూడలేదు. మధుకర్ పక్కన నిలబడ్డ సురేందర్ వైపు చూశాడు. ఆ చూపులో కోపం కూడా లేదు. పిల్లవాడు మరిచిపోయిన ఎక్కం గుర్తు చేసుకుంటాడని పంతులు ఎదురుచూసినట్టు ఉంది. సురేందర్ తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

ఆ పొద్దు గూకకముందే అతను దస్తగిర్ ఇంటికి పోయాడు. హుసేన్ బీ ఎప్పటిలాగే పీట వేసింది, చాయ్ పెట్టింది. గ్లాసు పక్కన పెట్టి దస్తగిర్‌తో మొత్తం చెప్పాడు. సున్నా పెట్టలేకపోయింది, చోటు మరిచిపోయింది, నిఖిత పట్టుకుంది, మధుకర్ అన్నది, ఏదీ దాచలేదు.

దస్తగిర్ గోడకు చేరగిలబడ్డాడు.

"అంటే అవ్వను బండ్లె ఏసుకపోయిన్నాడు నేనడిగిన వాయిదా, అవ్వ పేరు కాడనే ఆగిపోయింది."

"అవునన్న."

"సున్న పెడితె పోతదనుకున్నవ్."

"అనుకున్న."

"పెట్టకపోతివి. ఉన్నదా?"

లోపల గిన్నెలు సర్దుతున్న హుసేన్ బీ చేతుల చప్పుడు ఆగింది.

"సెరుకు పోయిందని గాదు తమ్మీ. పోయినేడు వాన కొట్టుకపోయింది, వాననేమన్న అన్నమా? పొద్దుగాల గంతమంది నడుమ నన్ను అబద్ధపోన్ని జేస్తుంటె నువ్వు చెప్పులు సూసుకుంటున్నవ్. గిప్పుడొచ్చి నా ఒక్కని ముంగట జెప్తున్నవ్. నాకు తెల్వదా నేనడిగింది?"

"రేపు అందరి ముంగట జెప్త అన్నా."

"చెప్పు. నా కోసం గాదు. హుసేన్ బీ నీళ్ల కాడికి పోతె మాట వడుతున్నది."

మర్నాడు సురేందర్ ఫీల్డు ఆఫీసు మెట్టు మీద నిలబడి చెప్పాడు. మాటలు తడబడ్డాయి. అయినా వాయిదా దస్తగిర్ అడిగాడనీ, తనే తన వేలితో పెట్టాడనీ, తప్పు తాను రాసిన చోటే ఉందనీ అందరికీ వినపడింది. నిన్న నవ్వినవాడు తలగుడ్డ సర్దుకున్నాడు. ఫ్యాక్టరీ ఫీల్డు మనిషి అంతా విని, "అర్థమైంది. కానీ బెండు బారిన గడ మిల్లులకు పోదు. వాయిదా ఉన్నా లేకున్నా ఇప్పుడేం చేయలేం" అన్నాడు. న్యాయంగానే అన్నాడు. మధుకర్ జనంలోంచి దారి చేసుకుంటూ వచ్చి సురేందర్ చెవిలో, "రేపటిసంది రాకు" అని చెప్పి కారెక్కాడు.

నిఖిత కారెక్కలేదు. బస్సులో వస్తానంది. మంచినీళ్ల సీసా తీసి సురేందర్ చేతిలో పెట్టి కొంచెం దూరంగా నిలబడింది.

జనం పలచబడ్డాక దస్తగిర్ దగ్గరికి వచ్చాడు. అతని ట్రాక్టరు రోడ్డు పక్కన ఆగి ఉంది, వెనక నాగళ్లు బిగించి ఉన్నాయి. ఎండిన చెరుకుకు నిప్పు పెట్టి, మొదళ్లు దున్నేయడానికి పోతున్నాడు.

"మాట నిలబెట్టినవ్. సాలు," అన్నాడు. ఆ తర్వాత కాసేపు తాళంచెవిని వేళ్ల మధ్య తిప్పాడు. "నా పేరు గూడ అండ్లనే ఉన్నదంటివి గదా."

"ఉన్నదన్న. ట్రాక్టర్ల లెక్కకు."

"తీసెయ్."

"అన్నా, నీ మీద ప్రేమతోటి, పావురంతోటి..."

"తెలుసు. గందుకే తీసెయ్‌మంటున్న. మల్ల ఎవని సెరుకో నా పేరు కాడ ఎండొద్దు. నేను బతికున్నప్పుడే తీసెయ్. నాకేం గాదు."

ట్రాక్టరు కదిలి కాలువ గట్టు మీదికి మళ్లింది. సురేందర్ నిఖిత వైపు తిరిగాడు.

"బిడ్డా, దస్తగిర్ అన్న అని ఉన్న కాడల్ల ట్రాక్టర్ల సంఖ్య అని మార్చు. ఒక్క చోటు గూడ ఇడువకు. వాయిదాల కాడ పైలం."

"హన్మవ్వ, సార్?"

"చివరి నంబరు." అతను నీళ్ల సీసా మూత బిగించి ఆమెకు తిరిగి ఇచ్చాడు. "అంజవ్వ, రోజు మొత్తం. దేవన్న, తేదీ."

ఆమె మెట్టు మీద కూర్చుని, ఫోనులో ఒక్కొక్కటీ రాసుకుంది. రాయడం అయ్యేసరికి కాలువ అవతల చేనులోంచి పొగ లేచింది. చెరుకు ఆకు చిటపటలాడుతూ కాలే చప్పుడు రోడ్డు దాకా వినపడుతుంటే, బస్సు వచ్చేదాకా ఇద్దరూ అటే చూస్తూ నిలబడ్డారు.